హక్కు మనిషిది, బాకీ రాజ్యానిది: అంతర్జాతీయ మానవ హక్కుల చట్టంలోని మూల భావనలు

1981 సెప్టెంబర్ 12న సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటల మధ్య హోండురాస్ రాజధాని తెగుసిగల్పా నడిబొడ్డున ఉన్న ఒక పార్కింగ్ స్థలంలోకి నంబర్ ప్లేటు లేని తెల్లటి ఫోర్డ్ కారు వచ్చింది. మామూలు దుస్తుల్లో ఉన్న సాయుధులు మాన్‌ఫ్రెడో వెలాస్కెజ్ రోడ్రిగెజ్ అనే విశ్వవిద్యాలయ విద్యార్థిని అక్కడి నుంచి ఎత్తుకుపోయారు. ఆ తర్వాత ఆయన ఇంటికి తిరిగి రాలేదు. పోలీసులను, సైన్యాన్ని అడిగితే తమ దగ్గర లేడన్నారు. ఆయన కోసం కోర్టుల్లో వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ల (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే దరఖాస్తుల) వల్ల కూడా ఫలితం లేకపోయింది.

ఎత్తుకుపోయిన వాళ్లెవరో తెలియదు, శవం దొరకలేదు, అరెస్టు చేసినట్టు ఒక్క కాగితమూ లేదు. మామూలు క్రిమినల్ కేసులా చూస్తే ఇది అక్కడితో ఆగిపోవాలి, ఎందుకంటే నేరం రుజువు కావాలంటే నేరస్థుడు కావాలి. అయినా ఏడేళ్ల తర్వాత, 1988 జులై 29న, అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం ఈ విషయంలో హోండురాస్ దేశాన్నే బాధ్యురాలిగా తేల్చింది. ఎత్తుకుపోయిన చేతులు ఫలానా వారివని గుర్తించకుండానే ఒక దేశాన్ని ఎలా తప్పుపట్టగలిగారన్న ప్రశ్నకు జవాబు అర్థమైతే అంతర్జాతీయ మానవ హక్కుల చట్టంలో సగం అర్థమైనట్టే. అందుకే ఈ వ్యాసంలో హక్కుల పట్టికతో మొదలుపెట్టకుండా, ప్రతి భావన దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుంటూ వెళతాను: ఇక్కడ ఎవరు ఎవరికి ఏం బాకీ పడ్డారు?

వాడుకలో మనం నేరాన్ని, మానవ హక్కుల ఉల్లంఘనను ఒకే గాటన కట్టేస్తాం. దొంగ ఒక మనిషిని చంపితే ఆ మనిషి ప్రాణం పోయింది, అది ఘోరమైన నేరం. అయితే అంతర్జాతీయ మానవ హక్కుల ఒప్పందాల మీద సంతకం పెట్టింది దొంగ కాదు, రాజ్యం. కాబట్టి ఈ చట్టం అడిగేది రాజ్యం గురించి: ఆ హత్యను ఆపడానికి చేయగలిగింది రాజ్యం చేసిందా, జరిగాక నిజాయతీగా దర్యాప్తు చేసిందా, దోషిని న్యాయస్థానం ముందు నిలబెట్టిందా, బాధితులకు పరిహారం దక్కిందా? వెలాస్కెజ్ కేసులో న్యాయస్థానం చెప్పింది సరిగ్గా ఇదే. అపహరణ ప్రభుత్వాధికారం అండతో పనిచేసిన వారి చేతనే జరిగిందని తన ముందున్న సాక్ష్యాలను బట్టి అది నమ్మింది. 1981 నుంచి 1984 వరకు ఆ దేశంలో వంద నుంచి నూట యాభై మంది వరకు ఇదే తీరున మాయమయ్యారని కూడా నిర్ధారించింది. అంతటితో ఆగకుండా ఇంకో మెట్టు ఎక్కింది. ఒకవేళ అది ప్రభుత్వ మనుషుల పనేనని రుజువు కాకపోయినా, దాన్ని నివారించడంలోను, జరిగాక విచారించి శిక్షించడంలోను చూపవలసిన తగిన శ్రద్ధ చూపకపోతే, ఆ శ్రద్ధాలోపానికే రాజ్యం బాధ్యత వహించాలని తేల్చింది.

రుజువు భారం గురించి కూడా అదే తీర్పులో ముఖ్యమైన మాట ఉంది. మనుషులను మాయం చేసే పద్ధతి ఉద్దేశమే సాక్ష్యం మిగలకుండా చేయడం. దర్యాప్తు యంత్రాంగమంతా రాజ్యం చేతిలో ఉన్నప్పుడు, ‘ఫిర్యాదు చేసినవారు రుజువు చూపలేదు’ అన్న వాదన వెనక రాజ్యం దాక్కోవడానికి వీల్లేదని న్యాయస్థానం అంది. ఈ కేసు విచారణ నడుస్తున్న కాలంలోనే, 1988 జనవరిలో, సాక్ష్యం చెప్పవలసిన ఒక వ్యక్తి, అప్పటికే చెప్పిన మరొక వ్యక్తి కొద్ది రోజుల తేడాతో హత్యకు గురయ్యారు. రుజువు భారం ఎవరి మీద మోపాలన్నది న్యాయవాదుల సాంకేతిక తగాదా అనుకునేవారు ఆ రెండు చావులను గుర్తుంచుకోవాలి.

ఇంకొక వివరం. హోండురాస్ ఆ న్యాయస్థానం అధికార పరిధిని అంగీకరించింది 1981 సెప్టెంబర్ 9న, అంటే అపహరణకు సరిగ్గా మూడు రోజుల ముందు. ఆ అంగీకార పత్రం లేకపోతే ఈ తీర్పే లేదు. ఒక దేశం ఎక్కడ, ఎప్పుడు, దేనికి ఒప్పుకుందన్నది ఈ రంగంలో ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ప్రకటన, ఒడంబడిక, ఆచారం

1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. అప్పటికి సభ్యదేశాలు 58. అనుకూలంగా 48 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా ఒక్కటీ రాలేదు, ఎనిమిది దేశాలు తటస్థంగా ఉండిపోయాయి: సోవియట్ కూటమి దేశాలు, యుగోస్లావియా, సౌదీ అరేబియా, దక్షిణాఫ్రికా. ఓటింగులో పాల్గొననివి రెండు, వాటిలో ఒకటి హోండురాస్. ముసాయిదా రాసిన సంఘానికి ఎలినార్ రూజ్‌వెల్ట్ అధ్యక్షురాలు. మొదటి అధికరణంలో మనుషులందరినీ ‘పురుషులు’ అన్న అర్థం కూడా వచ్చే ఇంగ్లీషు మాటతో సూచించడాన్ని భారత ప్రతినిధి హంసా మెహతా అభ్యంతరపెట్టారు. అలా రాస్తే స్త్రీలను వదిలేశామని వాదించే దేశాలు ఉంటాయన్నది ఆమె భయం. ఆ పట్టుదల వల్లే ఈనాడు ఆ వాక్యం ‘మానవులందరూ’ అని మొదలవుతోంది. చట్టంలో ఒక్క పదం ఎవరిని లోపలికి రానిస్తుందో, ఎవరిని గడప బయట నిలబెడుతుందో ఆమెకు బాగా తెలుసు.

ఈ ప్రకటన చుట్టూ ఉన్న పెద్ద అపోహ, అది దేశాలన్నీ సంతకం చేసిన ఒప్పందం అన్నది. అది ఒప్పందం కాదు, సర్వప్రతినిధి సభ తీర్మానం. ఆమోదించిన రోజున దానికి చట్టబద్ధంగా కట్టిపడేసే శక్తి లేదు. ఆ శక్తిని ఇవ్వడానికి ఒడంబడికలు రాయవలసి వచ్చింది, అందుకు మరో 18 ఏళ్లు పట్టింది. ఒకటే రాద్దామనుకున్నవారు ప్రచ్ఛన్న యుద్ధపు వాతావరణంలో రెండుగా విడిపోయారు. ఒకే ఒడంబడిక వద్దు, రెండు కావాలని 1952లోనే నిర్ణయం జరిగిపోయింది. 1966 డిసెంబర్ 16న ఒకే రోజున రెండూ ఆమోదం పొందాయి: పౌర, రాజకీయ హక్కులది ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది ఒకటి. తగినన్ని దేశాలు చేరి అవి అమల్లోకి వచ్చేసరికి 1976 అయింది. ఆ తర్వాత జాతి వివక్ష, స్త్రీల పట్ల వివక్ష, చిత్రహింస, పిల్లలు, వలస కార్మికులు, వికలాంగులు, బలవంతపు అదృశ్యాలు అన్న అంశాల మీద విడివిడి ఒప్పందాలు వచ్చాయి. వీటిలో జాతి వివక్షకు సంబంధించినది 1965లో, ఒడంబడికల కంటే ముందే ఆమోదం పొందింది. మొత్తం తొమ్మిదింటిని కీలక ఒప్పందాలుగా లెక్కిస్తారు.

వార్తల్లో ‘ఫలానా దేశం సంతకం చేసింది’ అని చదివినప్పుడు అక్కడే పొరబడతాం. సంతకం అంటే ఉద్దేశాన్ని ప్రకటించడం మాత్రమే. ఒప్పందం అసలు ప్రయోజనాన్ని దెబ్బతీసే పనులు చేయకూడదన్న పరిమిత బాధ్యత మాత్రం అప్పటి నుంచే మొదలవుతుంది. పూర్తిగా కట్టుబడేది ధ్రువీకరణ తర్వాతే, అంటే ఒప్పందాన్ని పాటిస్తామని దేశం లాంఛనంగా ఒప్పుకున్నాకే. పిల్లల హక్కుల ఒప్పందంలో 196 పక్షాలు ఉన్నాయి. 1995లో సంతకం చేసిన అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఇప్పటికీ ధ్రువీకరించలేదు. చైనా పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికపై 1998లో సంతకం చేసి అక్కడే ఆగింది. ధ్రువీకరించేటప్పుడు కూడా ఫలానా అధికరణం మాకు వర్తించదని దేశాలు మినహాయింపు పెట్టుకోవచ్చు, అయితే ఆ మినహాయింపు ఒప్పందం లక్ష్యానికే విరుద్ధంగా ఉండకూడదు. స్త్రీల పట్ల వివక్షను నిర్మూలించే ఒప్పందానికి వచ్చిన మినహాయింపులు కొన్ని ఈ హద్దును దాటాయని నా అభిప్రాయం. వివక్షను తొలగిస్తానని చెప్పి, వివాహ, వారసత్వ చట్టాలను మాత్రం ముట్టుకోనని చెప్పడమంటే బాకీ పత్రం మీద సంతకం పెట్టి అంకె కొట్టేయడమే.

ఒకసారి కట్టుబడ్డాక ‘మా దేశ చట్టం ఒప్పుకోదు’ అన్న సాకు పనికిరాదు. 1969 నాటి వియన్నా ఒప్పందాల చట్టంలోని 27వ అధికరణం ఆ దారి మూసేసింది. సంతకమే చేయని దేశాన్ని కూడా కట్టిపడేసే నియమాలు కొన్ని ఉన్నాయి. దేశాలు చట్టమన్న భావనతో ఏళ్ల తరబడి పాటించే ఆచారం నుంచి పుట్టినవి ఒక రకం. ఎలాంటి ఒప్పందంతోనూ పక్కన పెట్టలేని పరమ నియమాలు, లాటిన్‌లో జస్ కోజెన్స్ అనేవి, వాటికి పైమెట్టు. బానిసత్వం, జాతి నిర్మూలన, చిత్రహింస మీద నిషేధాలు ఆ కోవలోవే. చాద్ మాజీ పాలకుడు హిస్సేన్ హబ్రేను సెనెగల్ విచారించాలా, లేక ఇతర దేశానికి అప్పగించాలా అన్న వివాదంలో 2012లో, దేశాల మధ్య వివాదాలు తేల్చే అంతర్జాతీయ న్యాయస్థానం చిత్రహింస నిషేధం ఇలాంటి పరమ నియమమేనని స్పష్టంగా చెప్పింది.

మూడు రకాల బాకీ

ఒకప్పుడు పాఠ్యపుస్తకాలు రెండు ఒడంబడికల మధ్య తేడాను ఇలా చెప్పేవి: పౌర, రాజకీయ హక్కులకు రాజ్యం ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు, ఆర్థిక, సామాజిక హక్కులకు మాత్రం డబ్బు ఖర్చు చేయాలి. వినడానికి చక్కగా ఉన్నా ఇది నిలవదు. నిష్పాక్షికమైన ఎన్నికలు జరపడానికి, కోర్టులు నడపడానికి, ఖైదీలను మనుషుల్లా చూడటానికి పెద్ద ఖర్చే అవుతుంది. మరోవైపు ఎవరి గుడిసెనూ అన్యాయంగా కూల్చకుండా ఉండటానికి పైసా ఖర్చు లేదు, కూల్చకుండా ఉంటే చాలు.

అందుకే ఇప్పుడు ప్రతి హక్కు వెనకా మూడు రకాల బాధ్యతలను చూస్తారు: గౌరవించడం, కాపాడటం, నెరవేర్చడం. నీటినే తీసుకోండి. ఉన్న నీటి వనరును ప్రభుత్వమే పాడుచేయకుండా, కక్షతో సరఫరా ఆపకుండా ఉండటం గౌరవించడం. పైనున్న కర్మాగారం అందులో విషం కలపకుండా అడ్డుకోవడం కాపాడటం. నీరే అందని చోటికి అది చేరే ఏర్పాటు చేయడం నెరవేర్చడం. ఒక ప్రైవేటు కంపెనీ చేసిన పాపానికి రాజ్యం ఎందుకు జవాబుదారీ అన్న ప్రశ్న రెండో బాధ్యతతో తేలిపోతుంది. వెలాస్కెజ్ తీర్పులోని ‘తగిన శ్రద్ధ’ నిలబడింది కూడా దానిమీదే. కంపెనీలకు స్వయంగా బాధ్యత ఉందా అన్నది వేరే చర్చ. 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు వాటి నుంచి హక్కుల పట్ల గౌరవాన్ని ఆశిస్తాయి తప్ప, చట్టబద్ధంగా బంధించవు.

ఆర్థిక, సామాజిక హక్కుల ఒడంబడికలో రెండో అధికరణం ఉంది. ప్రభుత్వాలకు అత్యంత ఇష్టమైన అధికరణం అదే. అందుబాటులో ఉన్న వనరుల గరిష్ఠ మేరకు, క్రమక్రమంగా ఈ హక్కులను పూర్తిగా సాధించడానికి చర్యలు తీసుకోవాలని అది అంటుంది. ‘క్రమక్రమంగా’ అన్న మాటను పట్టుకుని ‘ఎప్పుడో ఒకప్పుడు’ అని చదువుకున్న ప్రభుత్వాలకు లోటు లేదు. ఈ ఒడంబడికను పర్యవేక్షించే కమిటీ 1990లో వెలువరించిన మూడో సాధారణ వ్యాఖ్య (ఒడంబడికను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే పత్రం) ఆ చదువును సరిదిద్దింది. క్రమంగా సాధించాల్సింది గమ్యం. నడక మాత్రం ఇవాళే మొదలుకావాలి, అది కంటికి కనిపించాలి. వివక్ష చూపకూడదన్న బాధ్యతకు గడువు లేదు, అది మొదటి రోజు నుంచే ఉంటుంది. ఇచ్చిన దాన్ని తగిన కారణం లేకుండా వెనక్కి తీసుకోకూడదు. ఎంత బీద దేశమైనా ప్రతి హక్కులోనూ కనీస సారాన్ని అందించాలి. పెద్ద సంఖ్యలో జనం తిండికి, ప్రాథమిక వైద్యానికి, తలదాచుకునే చోటుకు నోచుకోకపోతే పైచూపుకు ఆ దేశం బాధ్యత తప్పినట్టే లెక్క, కాదని చూపవలసిన భారం దానిదే.

న్యాయమూర్తులు ఈ ఆలోచనను ఎలా వాడారో చూడాలంటే దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2000లో ఇచ్చిన గ్రూట్‌బూమ్ తీర్పు చదవాలి. కేప్‌టౌన్ శివార్లలోని వాలసిడీన్ మురికివాడ నుంచి బయటికి వచ్చి, ఖాళీ స్థలంలో గుడిసెలు వేసుకుని, అక్కడి నుంచి కూడా వెళ్లగొట్టబడ్డ వాళ్లు కోర్టుకెక్కారు: 390 మంది పెద్దవాళ్లు, 510 మంది పిల్లలు. ప్రభుత్వానికి గృహనిర్మాణ పథకం ఉంది, దాని లక్ష్యమూ మంచిదే. అయితే నెత్తిన కప్పు లేక అల్లాడుతున్న వాళ్లకు ఆ పథకంలో తక్షణ ఊరట అన్నదే లేదు. న్యాయస్థానం ‘ప్రతి ఒక్కరికీ రేపే ఇల్లు కట్టివ్వండి’ అనలేదు. అందరికంటే దుర్భరంగా ఉన్నవారిని పూర్తిగా మరిచిపోయిన పథకం సహేతుకమైనది కాదంది. కనీస సారం అనే కొలతను ఆ న్యాయస్థానం యథాతథంగా స్వీకరించలేదు. ఆ సమాచారం తన దగ్గర లేదంటూ సహేతుకత అనే తనదైన కొలతను పెట్టుకుంది. ఆ తీర్పు దేశీయ రాజ్యాంగం కింద వచ్చింది, అప్పటికి దక్షిణాఫ్రికా ఆ ఒడంబడికను ధ్రువీకరించలేదు కూడా. అయినా అంతర్జాతీయ పత్రాల భాష ఒక దేశపు కోర్టులోకి నడిచొచ్చి ఎలా కూర్చుంటుందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

పరిమితి వేరు, నిలిపివేత వేరు

హక్కులకు హద్దులుండవా అని అడిగేవారికి జవాబు: చాలా వాటికి ఉంటాయి. కాకపోతే హద్దు గీసే పద్ధతికీ ఒక పద్ధతి ఉంది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 19వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛకు పరిమితులను అనుమతిస్తూ మూడు గుమ్మాలు పెట్టింది. పరిమితి ముందుగా చట్టంలో, మనిషి చదివి తన నడవడిని దిద్దుకోగలిగినంత స్పష్టంగా ఉండాలి. ఇతరుల హక్కులు, పరువు, జాతీయ భద్రత, శాంతిభద్రతలు, ప్రజారోగ్యం, నైతికత అన్న వాటిలో ఏదో ఒకదాని కోసమే ఉండాలి. చివరిది, అన్నిటికంటే కఠినమైనది: ఆ పరిమితి నిజంగా అవసరమై ఉండాలి, ప్రమాదానికి తగిన మేరకే ఉండాలి. ఈ మూడో గుమ్మాన్నే దామాషా సూత్రం అంటారు. ఒక ఊరేగింపులో కొందరు రాళ్లు విసిరారని నగరమంతా నెలల తరబడి సభలన్నీ నిషేధించడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే. రాళ్లు విసిరినవారిని పట్టుకోగలిగినప్పుడు అంతకు మించి చేసిన ప్రతిదీ లెక్క అప్పజెప్పాల్సిందే.

ఇది సాధారణ రోజుల సంగతి. దేశ మనుగడకే ముప్పు తెచ్చే అత్యవసర పరిస్థితి వస్తే నాలుగో అధికరణం మరో తలుపు తెరుస్తుంది: కొన్ని బాధ్యతలను తాత్కాలికంగా నిలిపివేయవచ్చు. ఆ పరిస్థితిని అధికారికంగా ప్రకటించాలి, పరిస్థితి కోరినంత మేరకే నిలిపివేత ఉండాలి, అది జాతి, రంగు, లింగం, భాష, మతం, సామాజిక మూలం ఆధారంగా మాత్రమే వివక్ష చూపకూడదు, ఏ అధికరణాలను ఎందుకు నిలిపారో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ద్వారా మిగతా దేశాలకు వెంటనే తెలపాలి. ఈ తెలపడం ఉత్తుత్తి లాంఛనం కాదు. ప్రపంచం ముందు కాగితం మీద రాసి ఇవ్వవలసి వచ్చినప్పుడు, మాట్లాడేటప్పుడు వాడిన పెద్ద పెద్ద మాటలు చాలావరకు చిక్కిపోతాయి.

ఎలాంటి అత్యవసర పరిస్థితిలోనూ ముట్టుకోరాని జాబితా ఆ అధికరణంలోనే ఉంది: జీవించే హక్కు, చిత్రహింస నుంచి, బానిసత్వం నుంచి రక్షణ, అప్పు తీర్చలేదని జైల్లో పెట్టకూడదన్న నియమం, చేసినప్పుడు నేరం కాని పనికి తర్వాత శిక్ష వేయకూడదన్న సూత్రం, చట్టం ముందు వ్యక్తిగా గుర్తింపు, ఆలోచనా, అంతరాత్మ, మత స్వాతంత్ర్యాలు. నిలిపివేయరాని హక్కు, పరిమితులే లేని హక్కు ఒకటే అనుకోవడం తేలిగ్గా జరిగే పొరపాటు. మత స్వాతంత్ర్యాన్ని నిలిపివేయకూడదు కానీ, మతాన్ని బయటికి ఆచరించే తీరుకు పరిమితులు ఉండవచ్చు. చిత్రహింస నిషేధానికి మాత్రం రెండూ లేవు. యుద్ధం వచ్చినా, ఉగ్రవాద దాడి జరిగినా, పై అధికారి ఆదేశించినా సరే. 1984 నాటి చిత్రహింస వ్యతిరేక ఒప్పందం రెండో అధికరణంలో ఈ మాట సూటిగా ఉంది.

ఇంత గట్టి నియమం కూడా నిర్వచనం దగ్గర కొట్టుమిట్టాడింది. 1971లో ఉత్తర ఐర్లండ్‌లో నిర్బంధించిన వారిలో 14 మందిని విచారణ పేరుతో బ్రిటిష్ బలగాలు ఐదు రకాలుగా హింసించాయి: గంటల తరబడి గోడకు ఆనించి వేళ్ల మీద నిలబెట్టడం, తలకు ముసుగు తొడగడం, ఆగని హోరు వినిపించడం, నిద్ర పోనివ్వకపోవడం, తిండినీ నీటినీ తగ్గించడం. ఐర్లండ్ బ్రిటన్ మీద వేసిన కేసులో యూరోపియన్ మానవ హక్కుల కమిషన్ ఇది చిత్రహింసేనంది. 1978లో తీర్పిచ్చిన యూరోపియన్ న్యాయస్థానం మాత్రం ఇది అమానుషం, అవమానకరం, అందుచేత నిషిద్ధమేనంటూనే, చిత్రహింస అనే ముద్రకు కావలసిన తీవ్రత లేదంది. ఆ రోజు న్యాయస్థానం పొరబడిందనే నా నమ్మకం. ఒంటి మీద గాయం కనిపించకుండా మనిషిని లోపలి నుంచి విరగ్గొట్టే పద్ధతులకు ఆ తేడా తర్వాతి కాలంలో కొందరికి ఆసరా అయింది. 1999లో, ఫ్రాన్స్ పోలీసుల నిర్బంధంలో దెబ్బలు తిన్న సెల్మూనీ అనే వ్యక్తి కేసులో అదే న్యాయస్థానం తన కొలతను మార్చుకుంది. ఒకప్పుడు చిత్రహింస అనని వాటిని ఇకముందు అలా అనవలసి రావచ్చని, కాలంతో పాటు ప్రమాణాలు పెరుగుతాయని స్పష్టం చేసింది.

సరిహద్దు దాటిన బాధ్యత

రాజ్యం బాకీ దాని సరిహద్దు దగ్గర ఆగుతుందా? ఉరుగ్వే గూఢచారులు బ్యూనస్ ఎయిర్స్‌లో తమ పౌరుడిని అపహరించిన లోపెజ్ బుర్గోస్ కేసులో, సొంత గడ్డ మీద చేయకూడని ఉల్లంఘనను పొరుగు గడ్డ మీద చేసుకోవచ్చని ఒడంబడికను చదవడం మనస్సాక్షికి విరుద్ధమని, పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలును చూసే మానవ హక్కుల కమిటీ 1981లో చెప్పింది. ఆక్రమిత పాలస్తీనా భూభాగంలో గోడ నిర్మాణంపై 2004లో ఇచ్చిన సలహా అభిప్రాయంలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా, ఒక రాజ్యం తన అధికార పరిధిని బయట చెలాయించే చోట ఒడంబడిక దాని వెంటే వస్తుందంది.

దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటిది సోరింగ్ కేసు. అమెరికాలోని వర్జీనియాలో 1985లో జరిగిన జంట హత్యల కేసులో నిందితుడైన జర్మన్ యువకుడు ఇంగ్లండ్‌లో పట్టుబడ్డాడు. నేరం జరిగేనాటికి అతని వయసు 18. అప్పగిస్తే మరణశిక్ష పడే అవకాశం ఉంది. పడితే ఆరు నుంచి ఎనిమిదేళ్ల పాటు మరణశిక్ష ఖైదీల విభాగంలో శిక్ష అమలు ఎప్పుడన్న భయంతో బతకాలి. అప్పగిస్తేనే బ్రిటన్ తన బాధ్యతను ఉల్లంఘించినట్టవుతుందని 1989లో యూరోపియన్ న్యాయస్థానం ఏకగ్రీవంగా తేల్చింది. హింసించబోయేది వేరే రాజ్యమైనా, మనిషిని ఆ చేతుల్లో పెట్టేది నువ్వే కదా అన్నదే ఇందులోని తర్కం. చివరికి మరణశిక్ష వేయబోమన్న హామీ తీసుకున్నాకే అతన్ని పంపారు. శరణార్థిని ప్రాణాపాయం ఉన్నచోటికి నెట్టరాదన్న 1951 నాటి శరణార్థుల ఒప్పందం 33వ అధికరణానికి, ఈ తీర్పుకు ఆత్మ ఒకటే. కాకపోతే చిత్రహింస ముప్పు ఉన్నప్పుడు ఈ రక్షణ నేరస్థుడికి కూడా వర్తిస్తుంది, దానికి మినహాయింపులు లేవు. చాలామందికి మింగుడుపడనిది ఇదే. కానీ మంచివాళ్లకు మాత్రమే ఇచ్చేదైతే దాన్ని బహుమతి అనాలి.

ఎవరు అడుగుతారు?

జెనీవాలో పేర్లు దగ్గరగా ఉన్న రెండు సంస్థలున్నాయి, పత్రికలు కూడా తరచూ వాటిని కలిపేస్తాయి. మానవ హక్కుల మండలి 2006లో ఏర్పడింది; అందులో సర్వప్రతినిధి సభ ఎన్నుకున్న 47 దేశాలుంటాయి, అది రాజకీయ వేదిక. మానవ హక్కుల కమిటీ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలును చూసే 18 మంది నిపుణుల బృందం. వాళ్లు తమ ప్రభుత్వాల తరఫున కూర్చోరు. యుద్ధ నియమాలు వేరే చట్టం. వ్యక్తులను నేరస్థులుగా విచారించే హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వేరే సంస్థ, అది దేశాలను బోనెక్కించదు. స్ట్రాస్‌బర్గ్‌లో యూరప్‌కు, శాన్ హోసేలో అమెరికా ఖండాలకు, అరూషాలో ఆఫ్రికాకు మానవ హక్కుల న్యాయస్థానాలున్నాయి. ఆసియాకు అలాంటిదేదీ లేదు.

వ్యక్తి నేరుగా కమిటీ తలుపు తట్టాలంటే అతని దేశం ఐచ్ఛిక ప్రోటోకాల్‌ను, అంటే వ్యక్తుల ఫిర్యాదులకు వీలిచ్చే అనుబంధ ఒప్పందాన్ని, ఒప్పుకుని ఉండాలి, ముందు తన దేశంలోని దారులన్నీ ప్రయత్నించి ఉండాలి. కమిటీ ఇచ్చేవి తీర్పులు కావు, అభిప్రాయాలు. పోలీసులను పంపి అమలు చేయించే శక్తి దానికి లేదు. మరైతే ప్రయోజనమేమిటి? ఆస్ట్రేలియాలోని టాస్మానియా రాష్ట్రంలో వయోజన పురుషుల మధ్య ఏకాంత లైంగిక సంబంధాన్ని నేరంగా చూసే చట్టం ఉండేది. నికొలస్ టూనెన్ అనే పౌరుడు ఫిర్యాదు చేశాడు. హెచ్‌ఐవీ వ్యాప్తిని అడ్డుకోవడానికి ఆ చట్టం అవసరమని టాస్మానియా అంది. ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వమే ఆ వాదనను బలపరచలేదు. ఆ చట్టం బాధితులను వైద్యానికి దూరం చేస్తుంది తప్ప వ్యాధిని ఆపదని కమిటీ గమనించి, 1994లో ఏకాంత జీవితపు హక్కు ఉల్లంఘన జరిగిందని తేల్చింది. ఆ ఏడాదే ఆస్ట్రేలియా పార్లమెంటు ఆ ఏకాంతాన్ని కాపాడుతూ చట్టం చేసింది, 1997లో టాస్మానియా తన పాత సెక్షన్లను రద్దు చేసింది. అక్కడ పనిచేసింది బలవంతం కాదు. ఇచ్చిన మాటను రాతపూర్వకంగా గుర్తుచేయడం, ఆ గుర్తుచేతను పట్టుకుని దేశంలోపల జనం పోరాడటం.

ఇది ప్రతిసారీ జరగదు. ఎన్నో అభిప్రాయాలు ప్రభుత్వాల బల్లల మీద ధూళి పట్టి ఉంటాయి. అయినా బాధితుడి పక్షాన ఒక అధికారిక కాగితం ఉండటానికి, ఏ కాగితమూ లేకపోవడానికి మధ్య ఎంత దూరముందో మాయమైన మనిషి కోసం పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగిన కుటుంబాలను అడగాలి.

వెలాస్కెజ్ కేసులో న్యాయస్థానం ఆయన కుటుంబానికి పరిహారం చెల్లించాలని ఆదేశించింది. దానికంటే బరువైన వాక్యం తీర్పులో మరొకటుంది: మాయమైన మనిషి గతి ఏమైందో తెలియనంత కాలం దర్యాప్తు చేసే బాధ్యత కొనసాగుతూనే ఉంటుంది, నేరస్థులను శిక్షించడం కుదరకపోయినా సరే, ఆయన ఏమయ్యాడో, అవశేషాలు ఎక్కడున్నాయో కుటుంబానికి చెప్పడానికి రాజ్యం తన చేతిలో ఉన్న అన్ని మార్గాలూ వాడాలి. 2006లో వచ్చిన బలవంతపు అదృశ్యాల వ్యతిరేక ఒప్పందం 24వ అధికరణంలో ఆ తర్కం కుటుంబాల హక్కుగా నిలబడింది. తమవాళ్లు ఏ పరిస్థితుల్లో మాయమయ్యారో, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, చివరికి ఆ మనిషి ఏమయ్యాడో తెలుసుకునే హక్కు ఇప్పుడు వారి పేరు మీదే రాసి ఉంది.